పట్టీ లేని హాజరు

ఒక బడి. అందులో ఒక పంతులుగారు. రోజూ ఉదయం తరగతిలోకి అడుగుపెట్టగానే ఎదురుగా కూర్చున్న పిల్లలను కలయజూసి, కనిపించిన ప్రతివారి పేరూ ఒక కాగితం మీద వ్రాసుకుంటారు. వ్రాయడం పూర్తయ్యాక అదే కాగితం చేతబట్టి ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలుస్తారు. పిలిచిన ప్రతివాడూ పలుకుతాడు. ఆనాటి హాజరు నూటికి నూరు. మరునాడు మళ్లీ క్రొత్త కాగితం, మళ్లీ నూటికి నూరు. జ్వరంతో మంచం పట్టిన పిల్లవాడు, పత్తిచేలో పనికి పోయిన పిల్ల, దారిలో చెరువు దగ్గర ఆగిపోయినవాడు, వీరెవ్వరూ ఆ కాగితంలో ఉండరు కనుక వీరెవ్వరూ గైరుహాజరు కారు.

ఇటువంటి పంతులుగారిని ఏ ఊరివారూ ఒక్క వారం కూడా ఉంచుకోరు. కానీ మా వృత్తిలో ఇదే పద్ధతికి ఆటో డిస్కవరీ అని పేరు పెట్టి, గొప్ప సౌకర్యమని చెప్పుకుంటున్నాము. ఆ సౌకర్యం మీద నాకున్న అభియోగాన్ని ఇక్కడ వ్రాయదలచుకున్నాను. ఈ అభియోగంలో నేనూ ముద్దాయినే. కొన్నేళ్లపాటు ఈ పద్ధతిని నలుగురికీ బోధించినవాడిని.

మా వృత్తితో పరిచయం లేని చదువరులకు ముందుగా నాలుగు మాటలు. పూర్వం ఒక సంస్థకు సర్వరు కావాలంటే పెట్టెను కొని, ఒక గదిలో పెట్టి, చల్లగా ఉంచి, దానికొక పేరు పెట్టుకునేవారు. 2006లో అమెజాను సంస్థ ఈసీటూ అనే సేవను మొదలుపెట్టిన తరువాత ఆ పెట్టె అద్దె వస్తువైంది. ఇప్పుడు సర్వరు అంటే చాలావరకు ఎక్కడో ఉన్న ఒక పెద్ద యంత్రంలో మనకు కొంతకాలం కేటాయించిన వాటా. గిరాకీ పెరిగితే నిమిషాల్లో పది పుడతాయి, తగ్గితే అవే పోతాయి. 2009లో అదే సంస్థ ఆటో స్కేలింగు అనే ఏర్పాటును తెచ్చాక ఈ చావుపుట్టుకలకు మనిషి ప్రమేయం కూడా అక్కరలేకపోయింది. ఇలా పుట్టి గిట్టే సర్వర్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో రాత్రింబవళ్లు చూస్తూ, తేడా వస్తే మనిషిని నిద్రలేపే వ్యవస్థను మానిటరింగు అంటాము.

దీనికి పర్యవేక్షణ అనే మాట ఉంది కానీ నాకు అజమాయిషీ అనే పాత మాటే ఇష్టం. రెవెన్యూ లెక్కల్లో పంట అజమాయిషీ అంటే ఊరికే గట్ల మీద తిరిగి రావడం కాదు. అడంగలులో ఊరి సర్వే నంబర్లన్నీ ముందే వ్రాసి ఉంటాయి. ఒక్కొక్క నంబరు దగ్గరికీ పోయి అక్కడ ఏ పంట ఉందో, అసలు ఉందో లేదో చూసి దాని ఎదురుగా వ్రాయాలి. బీడు పడిన చేనుకు కూడా ఆ పుస్తకంలో ఒక వరుస ఉంటుంది. ఆ బీడు వరుసను చదువరులు కాస్త గుర్తుంచుకోవాలని మనవి.

క్లౌడుకు ముందు మా అడంగలును మేము చేత్తో వ్రాసుకునేవాళ్లము. 1999లో నెట్‌సెయింటు అనే పేరుతో వచ్చి, 2002లో నాగియోసుగా పేరు మార్చుకున్న ప్రోగ్రాము ఆ కాలంలో మాలో చాలామందికి ఇలవేల్పు. అందులో ప్రతి సర్వరుకూ పేరు, అడ్రసు, చూడవలసిన అంశాలతో ఒక ఖండిక వ్రాయాలి. క్రొత్త సర్వరు వచ్చినప్పుడల్లా ఫైలు తెరవాలి, వ్రాయాలి, తప్పులున్నాయేమో చూడమని నాగియోసునే అడగాలి, ఆపైన ఫైలును దానిచేత మళ్లీ చదివించాలి. ఈ చాకిరీని నేనేమీ మెచ్చుకోవడం లేదు. వ్రాయడం మరచిపోయిన సర్వరు ఎవరి కంటా పడకుండా పోయేది. తీసివేసిన సర్వరు పేరు చెరపడం మరచిపోతే తెల్లవారుజామున మూడింటికి లేచి, లేని యంత్రం పలకడం లేదన్న వార్త చదువుకోవలసి వచ్చేది. క్లౌడులో ఐతే మరీ కష్టం. ఇవాళ ఒక సర్వరుకున్న అడ్రసు రేపు మరొకదానికి పోతుంది. అడ్రసులతో వ్రాసుకున్న పట్టీ ఒక యంత్రాన్ని చూస్తున్నాననుకుంటూ వేరొకదాన్ని చూస్తూ కూర్చుంటుంది. పదింటికి పుట్టి పదకొండింటికి పోయేవాటిని అసలు ఎవరు వ్రాయగలరు?

కనుక యంత్రమే వెతుక్కోవాలన్నారు. 2012లో సౌండ్‌క్లౌడు అనే సంస్థలో మొదలైన ప్రొమీథియసు అనే ప్రోగ్రాము ఇప్పుడు విరివిగా వాడుకలో ఉంది. దానికి అమెజాను ఖాతాను చూసే అనుమతి ఇచ్చి, ఏ రీజియనులో వెతకాలో చెబితే చాలు. మామూలుగా నిమిషానికొకసారి పోయి, నీ దగ్గర ఇప్పుడు ఏయే సర్వర్లున్నాయని అమెజానును అడుగుతుంది. వచ్చిన జాబితాలో మనం చెప్పిన గుర్తులున్నవాటిని ఏరుకుని, ఒక్కొక్కదాని తలుపూ తట్టి కొలతలు తెచ్చుకుంటుంది. ఆ గుర్తులనే ట్యాగులంటారు. లాత్వియాలో పుట్టిన జాబిక్సు ఇంకొక దారి కూడా చూపించింది. సర్వరులో కూర్చున్న ఒక చిన్న ఏజెంటు తానే వచ్చి, నేను పుట్టాను నన్ను చేర్చుకొమ్మని పేరు నమోదు చేసుకుంటుంది. రెండూ చక్కని పనితనాలు. చేసినవారికి నమస్కారం.

నా తగవు అన్వేషణతో కాదు, అన్వేషణ ఫలితాన్ని హాజరుపట్టీ స్థానంలో కూర్చోబెట్టడంతో. ఉన్నవాటి జాబితా వేరు, ఉండవలసినవాటి జాబితా వేరు. మొదటిది క్లౌడు చెప్పగలదు. రెండవదాన్ని ఎవరో ఒక మనిషి ఆలోచించి, నిర్ణయించి, వ్రాసి పెట్టాలి. నాగియోసు ఫైలులో ఈ రెండూ కలగలిసి ఉండేవి. చాకిరీని వదిలించుకోబోయి దానితోపాటే ఆ నిర్ణయాన్ని కూడా పారవేశామన్న సంగతి మాకు చాలాకాలం తెలియలేదు.

ఇది ప్రొమీథియసులో ఎలా జరుగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. తప్పు ఎక్కడుందో అక్కడే కనబడుతుంది. తలుపు తట్టిన ప్రతి సర్వరుకూ అది అప్ అనే పేరుతో ఒక అంకె వ్రాసుకుంటుంది. పలికితే 1, పలకకపోతే 0. అప్ విలువ 0 ఐతే అలారం మ్రోగించమని మనం నియమం పెడతాము. వినడానికి ఇంతకన్నా న్యాయమైన నియమం ఉండదు. కానీ సర్వరు జాబితాలోంచే జారిపోతే? అప్పుడు దాని అప్ 1 కాదు, 0 కూడా కాదు. అసలు ఆ అంకే ఉండదు. లేని అంకె సున్నాతో సమానమా అని అడిగితే వచ్చే జవాబు ఖాళీ. ఖాళీకి అలారం మ్రోగదు. అంతకన్నా విడ్డూరం మరొకటుంది. పలకని సర్వరుకు అలారం మ్రోగుతూ ఉండగా ఆ సర్వరును జాబితాలోంచి తీసేస్తే అలారం దానంతట అదే ఆగిపోతుంది. సమస్య తీరిందన్న సందేశం కూడా రావచ్చు. రోగికి నయమైనా, రోగి మంచం మీద నుంచి మాయమైనా ఒకే చీటీ అన్నమాట.

క్లౌడును అడిగే అనుమతికి కాలం చెల్లినప్పుడు ఇంకా చిత్రం. ప్రొమీథియసు తన దగ్గరున్న పాత జాబితాతోనే నడుస్తూ ఉంటుంది. క్రొత్తగా పుట్టినవి దాని కంటపడవు. ఆ స్థితిలో ఎవరైనా దాన్ని ఆపి మళ్లీ నడిపితే జాబితా పూర్తిగా ఖాళీ. ఖాళీ జాబితాలో చెడిపోయిన సర్వరు ఒక్కటీ ఉండదు. దీనికి విరుగుడు ప్రొమీథియసులోనే ఉన్నదని పండితులు వెంటనే అంటారు. నిజమే. ఆబ్సెంట్ అనే ప్రమేయం ఒకటుంది. పేరే గైరుహాజరు. ఫలానాది కనబడకపోతే చెప్పమని దాన్ని అడగవచ్చు. ఐతే ఆ ఫలానా ఏమిటో మనమే వ్రాయాలి. వ్రాయనక్కరలేదన్న మాట నమ్మే కదా ఇంత దూరం వచ్చాము!

ఇదంతా నాకు పుస్తకజ్ఞానంగా ముందే తెలుసు. తెలిసి కూడా ఏమి చేశానో చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట రక్తపరీక్షల కేంద్రాలకు కంప్యూటరు సేవలందించేవాళ్లము. పరీక్ష పూర్తికాగానే రిపోర్టును రోగి ఫోనుకు చేర్చడం అందులో ఒక భాగం. ఆ సందేశాలు పంపే పనిని ఒకే ఒక సర్వరు చేసేది. ఒక శుక్రవారం సాయంత్రం మా కుర్రవాడొకడు ఆ పనిని క్రొత్త సర్వరు మీదికి మార్చాడు. శ్రద్ధగానే మార్చాడు. నాలుగు సందేశాలు పంపి చూశాడు, పాతదాన్ని తీసివేశాడు. ఐతే ట్యాగు వ్రాసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరంతో మొదలు కావలసిన మాటను పెద్ద అక్షరంతో మొదలుపెట్టాడు. అమెజాను ట్యాగుల్లో చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు. మా అన్వేషణ చిన్న అక్షరపు మాటకోసం వెతికింది. దొరకలేదు. దొరకలేదని ఎవరికైనా చెప్పాలని దానికి మేము నేర్పలేదు. పాత సర్వరు పోయింది, క్రొత్తది కంటపడలేదు, జాబితాలో ఒకటి తగ్గింది. తెర మీద అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి.

శనివారం ఆ సర్వరులో డిస్కు నిండిపోయి సందేశాల ప్రోగ్రాము ఆగిపోయింది. డిస్కు నిండకముందే హెచ్చరించే నియమం మాకుంది, చాలా మంచి నియమం, నేనే వ్రాశాను. ఆ నియమానికి ఈ సర్వరు ఉన్నట్టే తెలియదు. ఆదివారం గడిచింది, సోమవారం గడిచింది. రిపోర్టులు ఆలస్యమవుతున్నాయని అక్కడక్కడా వినబడినా, అది ఆయా కేంద్రాల జాప్యమనుకున్నాము. మా తెర ఆకుపచ్చగా ఉంది కదా.

మంగళవారం మధ్యాహ్నం, ఫోన్లు తీసే అమ్మాయి భోజనానికి వెళ్లిన సమయంలో, మ్రోగుతున్న ఫోనును నేను తీశాను. ఉద్దానం ప్రాంతం నుంచి ఒక పెద్దాయన. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ప్రాంతాన్ని మూత్రపిండాల జబ్బు ఎంతగా పీడించిందో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. ఆయన భార్యకు క్రియాటినిన్ పరీక్ష చేయించారు. ఆ అంకెను బట్టి విశాఖపట్నం పెద్ద డాక్టరు దగ్గరికి వెంటనే తీసుకుపోవాలా, కొన్నాళ్లు ఆగవచ్చా అన్నది తేలాలి.

"బాబూ, రిపోర్టు ఫోనులోకి వచ్చేస్తాదన్నారు. మూడ్రోజులైపోనాది, రానేదు. రానేదంటే బాగున్నట్టా, బాగోనట్టా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎదురుగా ఆకుపచ్చ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆ వ్యవస్థను కట్టిన మాలో ఏ ఒక్కరమూ అంతకుముందు ఆ ప్రశ్న వేసుకోలేదు. రిపోర్టును వెతికి తీసి నా ఫోను నుంచే పంపాను. అంకె ఎక్కువగానే ఉంది. దాని అర్థం చెప్పవలసినవాడిని నేను కాదు కనుక, "ఆలస్యం చేయకుండా ఇవాళే డాక్టరుకి చూపించండి బాబాయి" అని మాత్రం అన్నాను. ఆయన రెండుసార్లు దండాలు చెప్పి పెట్టేశారు. ఆ దండాలు తీసుకున్న చేయి ఇంకా నాదే.

తరువాత జరిగిన సమావేశంలో ఇది మానవ తప్పిదమని తేల్చారు. ఇకపై ట్యాగులు వ్రాసేటప్పుడు జాగ్రత్తగా ఉండవలెనని ఒక ఉత్తరువు వెలువడింది. కుర్రవాడు తల దించుకుని కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చేత్తో వ్రాసే పని ఇక లేదని చెప్పి కదా ఈ పద్ధతిని తెచ్చాము? వ్రాత ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. నలుగురికీ కనబడే ఫైలులోంచి, ఎవరూ చూడని ట్యాగు గడిలోకి జరిగింది. నాగియోసు ఫైలులో అర్థం కాని మాట వ్రాస్తే అది ముందే అభ్యంతరం చెప్పేది. ట్యాగు గడిలో ఏ మాట వ్రాసినా, ఎవరైనా పూనుకుని నియమం పెడితే తప్ప, క్లౌడు మారుమాట్లాడకుండా తీసుకుంటుంది. చేతివ్రాత అలాగే ఉంది, సరిచూసే దిక్కు మాత్రం పోయింది. ఆ దిక్కు లేకుండా చేసినవాళ్లము మేము, తల దించుకున్నవాడు ఆ కుర్రవాడు.

పోనీ ట్యాగులన్నీ సరిగా ఉన్నాయనుకుందాం. అన్వేషణకు వేరే గోడలున్నాయి. ప్రొమీథియసులో అమెజాను కోసం వ్రాసే ఒక్కొక్క అన్వేషణ ఖండిక ఒక్క రీజియనునే చూస్తుంది. ముంబై రీజియను 2016లో వచ్చింది. 2022 నవంబరులో అమెజాను మన హైదరాబాదు పేరుతోనే ఒక రీజియను తెరిచింది. 2019 మార్చి 20 తరువాత వచ్చిన ఇతర రీజియన్ల లాగానే దీన్ని కూడా ఖాతాదారు కోరి తెరిపించుకోవాలి. ఎవరో ఉత్సాహంగా తెరిపించి, ప్రయోగానికని రెండు సర్వర్లు పెట్టి, అవి మెల్లగా అసలు పనిలోకి వచ్చేశాయనుకోండి. ముంబైలో మాత్రమే వెతకమని చెప్పిన అన్వేషణకు అవి ఉండవు. మాధాపూరులో కూర్చుని తెర చూస్తున్న మనిషికి సొంత ఊరి సర్వర్లే కనబడవు. ఇక ఒక విభాగం వారు విడిగా మరొక ఖాతా తెరిస్తే చెప్పనే అక్కరలేదు. వెతికినచోట ఉన్నవి మాత్రమే దొరుకుతాయన్నది ఎంత పాత సత్యమో, దొరకనివి లేనట్టేనన్నది అంత పాత భ్రమ.

ఆ భ్రమ ఎంత దూరం తీసుకుపోగలదో ఈక్విఫాక్సు ఉదంతంలో లోకం చూసింది. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్టువేరులో ప్రమాదకరమైన లోపం బయటపడింది. కొద్ది రోజుల్లోనే ఆ సంస్థ తన సర్వర్లలో ఆ లోపమున్నవాటికోసం యంత్రంచేత వెతికించింది. ఏదీ దొరకలేదు. దొరకలేదు కనుక లేదనుకున్నారు. ప్రజల అభ్యంతరాలు స్వీకరించే ఒక పాత పోర్టలులో ఆ లోపం అలాగే ఉంది. మే నెల నుంచి జూలై చివరిదాకా దొంగలు అందులోంచి రాకపోకలు సాగించారు. ఆ రాకపోకలను తనిఖీ చేయవలసిన పరికరం కూడా ఉంది, కానీ దాని సర్టిఫికెట్టుకు కాలం చెల్లిపోవడంతో అది ఏమీ చూడలేకపోయింది. చూడలేకపోతున్నానని చెప్పనూ లేదు. జూలై చివర సర్టిఫికెట్టు మార్చగానే అనుమానాస్పదమైన రాకపోకలు బయటపడ్డాయి. అప్పటికి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ఈ కథలో నన్ను కలవరపెట్టేది దొంగలు కాదు. వెతికిన యంత్రం ఇచ్చిన ఖాళీ జవాబును పక్కన పెట్టి చూసుకోవడానికి, ఫలానా సాఫ్టువేరు ఫలానా చోట్ల వాడుతున్నామన్న సమగ్రమైన పట్టీ లేకపోవడం.

క్లౌడుకు సంబంధించినది కాకపోయినా నైట్ క్యాపిటల్ సంగతి కూడా ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. ఆ షేర్ల వ్యాపార సంస్థకు ఎనిమిది సర్వర్లు. ఏడింటిలో క్రొత్త ప్రోగ్రాము వేశారు, ఎనిమిదవదాన్ని మరచిపోయారు. 2012 ఆగస్టు 1న మార్కెట్టు తెరిచాక 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మార్కెట్టు తెరవకముందే లోపాన్ని సూచించే 97 ఈమెయిళ్లు సంస్థలోని వారికి వెళ్లాయని అమెరికా నియంత్రణ సంస్థ తన ఉత్తరువులో వ్రాసింది. సర్వర్లు ఎనిమిదీ కనబడుతూనే ఉన్నాయి. ఎనిమిదింటిలోనూ ఏమి ఉండాలో వ్రాసిన కాగితాన్ని చేతబట్టుకుని సరిచూసే రెండవ మనిషి లేడు.

ఇన్ని చెప్పినా నాతో వాదించేవారు ఒక సూక్తి వల్లిస్తారు. సర్వర్లను పెంపుడు జంతువులుగా చూడకండి, పశువులుగా చూడండి అని. పెంపుడు జంతువుకు పేరుంటుంది, జబ్బు చేస్తే వైద్యం చేయిస్తాము. మందలోని పశువుకు నంబరే, జబ్బు చేస్తే తీసేసి ఇంకొకటి తెస్తాము అని దాని భావం. మైక్రోసాఫ్టుకు చెందిన బిల్ బేకరు ఒక ప్రసంగంలో వాడగా, ర్యాండీ బయాస్ అనే ఆయన క్లౌడు లోకంలో ప్రచారం చేశాడు. అమెరికా పశువుల పెంపకం గురించి అది నిజమేమో. మన పల్లెల్లో పశువుకు పేరుంటుందన్న సంగతి అలా ఉంచండి. పశువుల కాపరి సంగతి చూడండి. ఉదయం ఊరి మందను తోలుకుపోయేటప్పుడు ఎన్ని తలలో లెక్క చూసుకుంటాడు. సాయంత్రం చెరువుగట్టు మీద మళ్లీ లెక్క చూసుకుంటాడు. ఒకటి తగ్గితే చీకట్లో దీపం పట్టుకుని వెనక్కి పోతాడు. చెరువుగట్టు మీద కనిపించినవే మంద, కనిపించనిది నా మందలోదే కాదు అని ఏ కాపరైనా అంటే ఆ ఊళ్లో వానికి గంజినీళ్లు కూడా పుట్టవు. పశువులుగా చూడమన్నవారు కాపరితనం మాత్రం నేర్చుకోలేదు.

మరొక అభ్యంతరం కొంత బరువైనది. ఆటో స్కేలింగులో ఇన్ని సర్వర్లు ఉండాలని మనమే సంఖ్య ఇస్తాము కదా, తగ్గితే క్లౌడే ఇంకొకటి పుట్టిస్తుంది కదా, ఉండవలసిన లెక్క అదే కదా అంటారు. కొంతవరకు నిజం. ఐతే మనం వేరే చెప్పకపోతే ఆ ఏర్పాటు చూసేది యంత్రం బ్రతికి ఉందా లేదా అన్నది మాత్రమే. యంత్రం బ్రతికి ఉండి, అందులోని ప్రోగ్రాము చచ్చినా దాని లెక్కలో ఆరోగ్యంగా ఉన్నట్టే. ఇంకొక సంగతి: ఆ సంఖ్యను ఎవరైనా పొరపాటున సున్నా చేస్తే క్లౌడు వినయంగా అన్నిటినీ తీసేస్తుంది. మన అన్వేషణ పోయి క్లౌడునే అడుగుతుంది. ఉండవలసినవి సున్నా, ఉన్నవి సున్నా, లెక్క సరిపోయింది. కరణం వ్రాసిన లెక్కను ఆ కరణంగారే అజమాయిషీ చేసినట్టు! రెండు లెక్కలు రెండు చోట్ల నుంచి రావాలి. కుబర్నెటీసు వారికి కూడా ఇదే జవాబు, విడిగా వ్రాయను.

వేల సర్వర్ల పేర్లు మళ్లీ చేత్తో వ్రాయమంటావా అని అడగవచ్చు. అనను. పేర్లు అక్కరలేదు, పాత్రలు చాలు. ఆ మంగళవారం తరువాత మేము చేసినది ఇది. ఒక మామూలు ఫైలు తెరిచి పాత్రకొక వరుస వ్రాశాము. పాత్ర పేరు, ఎక్కడ ఉండాలి, తక్కువలో తక్కువ ఎన్ని ఉండాలి, ఎవరి బాధ్యత, అది లేకపోతే ఎవరికి నష్టం. అన్వేషణ తెచ్చిన జాబితాను ఈ ఫైలుతో కొన్ని నిమిషాలకొకసారి పోల్చి, ఫైలులో ఉండి అక్కడ లేనివాటికీ, అక్కడ ఉండి ఫైలులో లేనివాటికీ రెంటికీ అలారం పెట్టాము. దొరకకుండా పోయినదాన్ని వెంటనే చెరపక, పోయినదిగా గుర్తుపెట్టి కొన్నాళ్లు ఉంచే అలవాటు జాబిక్సులో ఉంది. ఆ మర్యాదను మేమూ పాటించాము. ఇక ఈ పోల్చే ప్రోగ్రామే ఆగిపోతే ఎలాగన్నది మిగిలింది. దానికి వీధిలో రాత్రిపూట తిరిగే గూర్ఖా పద్ధతి పెట్టాము. గంట గంటకూ ఈల వినబడితే నిద్రపోవచ్చు, వినబడకపోతే లేవాలి. ఎప్పుడూ వస్తూనే ఉండే ఒక సంకేతం మా క్లౌడుకు బయట ఉన్న మరొక యంత్రానికి పోతుంది. అది ఆగితే ఆ యంత్రం మమ్మల్ని లేపుతుంది.

పోల్చడం మొదలైన మొదటి రోజే రెండు పాత్రలు అజమాయిషీలో లేవని తేలింది. ఎవరివో ఎవరికీ తెలియని సర్వర్లు కొన్ని బయటపడ్డాయి. అందులో ఒకటి సింగపూరులో చాలాకాలంగా అద్దె కడుతూ నడుస్తోంది, ఏమి చేస్తోందో చెప్పగలిగినవారు అప్పటికే ఉద్యోగం మానేశారు.

ఫైలంతా ఒక్క పేజీ దాటలేదు. ఐనా పూర్తిచేయడానికి దాదాపు నెల పట్టింది. ఆలస్యమంతా చివరి గడి దగ్గరే. అది లేకపోతే ఎవరికి నష్టం అన్న ప్రశ్నకు మా ఇంజనీర్లు మొదట వేరే సర్వర్ల పేర్లు వ్రాశారు. ఇది ఆగితే అది ఆగుతుంది, అది ఆగితే మరొకటి ఆగుతుంది అని. మనిషి పేరు వచ్చేదాకా మళ్లీ మళ్లీ వెనక్కి పంపాను. నా చాదస్తం గురించి భోజనాల గదిలో చాలా హాస్యాలు నడిచాయని తెలుసు. సందేశాల సర్వరు వరుసను మాత్రం ఆ తల దించుకున్న కుర్రవాడే, ఎవరూ అడగకముందే నింపాడు. తక్కువలో తక్కువ 2 అని వ్రాసి, చివరి గడిలో "రిపోర్టు కోసం ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నవారు" అని వ్రాశాడు.

గత నెల ఆ పాత జట్టులోని మిత్రుడొకరు కలిశారు. ఆ ఫైలును ఇప్పుడు చేత్తో వ్రాయనక్కర లేకుండా, క్లౌడులో ఏయే పాత్రలున్నాయో చూసి దాన్ని తనంతట తానే తయారుచేసే చిన్న ప్రోగ్రామును క్రొత్తగా వచ్చినవారు వ్రాశారట, ఎంతో సమయం ఆదా అవుతోందట. ఆయనతో హోటలులో రెండు గంటలు వాదించాను. ఆయన ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ కలుస్తానన్నారు. ఈసారి నా తరఫున ఒక హాజరుపట్టీ కొని తీసుకుపోదామనుకుంటున్నాను.